దాలిలోని ఉలవకుండ



మా ఊరు కల్లూరు. ఖమ్మమునుండి సత్తుపల్లికి పోవు బాటమీద నున్నది. దక్షిణముగా కొంతదూరము పోయినచో తిరువూరు సీమ వచ్చును. తూర్పుగా సాగినచో పొలములు క్రమముగా సన్నగిల్లి, దమ్మపేట, అశ్వారావుపేటల యడవులు మొదలై, అవి గోదావరి యొడ్డున భద్రాచలమువఱకు వ్యాపించును. 1948 వఱకు మా ఊరు నైజాము రాజ్యములోనిది. తిరువూరును, భద్రాచలమును మద్రాసు రాష్ట్రములోనివి. సుంకపు చౌకీలు బండ్లను ఆపగలిగినవి గాని వంటలను ఆపలేకపోయినవని మా పెద్దలు నవ్వుచు చెప్పెడివారు. కృష్ణా మండలమువారు తమ సొత్తని చెప్పుకొను ఉలవచారు మా యింటను అంతే నిష్ఠతో కాగుచుండెడిది.

ఈ పూట ఆ ఉలవచారును గూర్చియు, దానిని కాచిన నిదానపు నిప్పును గూర్చియు, ఆ నిప్పు విషయమున నేను చేసిన యొక పొరపాటును గూర్చియు మీతో ముచ్చటింపదలచినాను. పొరపాటు చిన్నదే. కాని దానివలన మా యింట ఒక పసిబిడ్డ రాత్రియంతయు బాధపడినది. అందుచేతనే ఈ చరిత్రను తవ్వి చూడవలసివచ్చినది.

మొదట మా అమ్మ కుండ సంగతి చెప్పెదను.

నా బాల్యమున, అనగా 1950ల చివరి యేండ్లలో, మా నాయనకు రెండు జతల యెడ్లుండెడివి. ఎఱ్ఱ చెలకలో జొన్న, కంది వేసి, వానకాలము చివర మిగిలిన చెలకలో ఉలవలు చల్లెడివారు. ఉలవకు గొప్ప సేద్యము వలదు. రెండు వానలు పడి నేల తడిసి, పిమ్మట మంచు కుఱిసిన చాలును. నేలమీద ప్రాకి పెరిగి శీతకాలమునకు కోతకు వచ్చును. దుక్కుల దినములలో ఉడికిన యులవలు పెట్టకున్న ఎడ్లు కాడి లాగవని మా నాయన నమ్మకము. కావున మా యింట ఉలవలు మొదట ఎడ్లకొఱకే ఉడుకుచుండెడివి. మనుష్యుల వంతు తరువాతిది.

మా అమ్మ ఉదయముననే ఉలవలను చేటలో చెఱిగి, రాళ్ళేరి, కడిగి నానబోసెడిది. మా పెరటి బావినీరు కొంచెము ఉప్పన. ఆ నీటిలో ఎంత కాచినను పప్పుగాని, ఉలవగాని మెత్తబడదు. అందుచే చెఱువునుండి రెండు బిందెల నీరు వేఱుగా తెప్పించెడిది. ప్రొద్దు గ్రుంకుటకు ముందు నానిన గింజలను పెద్ద కుండలో పోసి, గింజ యొకపాలునకు నీరు పదిపాళ్ళు చేర్చి, పొయ్యి కెక్కించెడిది. అడవివైపునుండి వచ్చిన యెండు దుంగలు రెండు లోనికి త్రోసి నిండుమంట వేసెడిది. కుండ తెఱలి పొంగెడిది. వచ్చిన నుఱుగును గరిటెతో తీసి పాఱబోసెడిది. మరల పొంగు, మరల నుఱుగు. ఇట్లు మూడు పొంగులు వచ్చి, అరగంటకు పైగా కుతకుత ఉడికినగాని ఆమె కుండను దింపెడిది కాదు. మూడు పొంగులు రానిది దాలి మొగము చూపరాదని ఆమె కట్టడి.

అటు తరువాత ఆ కుండ పెరటిలోని దాలికి పోయెడిది. దాలి యన నేమో మీలో పెద్దలకు చెప్పనక్కఱలేదు. గుంటలో పిడకలు పేర్చి, నడుమ నిప్పు వేసి, మీద ఊక చల్లినచో మంట కనబడదు. సన్నని పొగయు, చేతికి సోకు వెచ్చదనమును మాత్రమే యుండును. పగటివేళ ఆ దాలిలో పాలకుండ, రాత్రివేళ ఉలవకుండ. మూకుడు మూసి, దానిమీద ఒక రాయి పెట్టి, అమ్మ నిదురించెడిది. తెల్లవాఱుజామున మూత తీసిన, వాసన ఇల్లంతయు నిండెడిది. గింజ వ్రేళ్ళమధ్య నలిపిన వెన్నవలె నలిగెడిది. నీరు ఎఱ్ఱబాఱి చిక్కబడి యుండెడిది. దానినే ఉలవకట్టు అందుము.

కట్టును వార్చి, గింజలను తవుడును ఉప్పును కలిపి ఎడ్ల గోలెములలో పోసెడివారు. గింజలు పోయుటకు ముందు పిల్లలమైన మేము తలకొక పిడికెడు గుగ్గిళ్ళు దోచుకొనెడివారము. కట్టు మరల పొయ్యికెక్కెడిది. అప్పుడే, అంతకుముందు గాక, చింతపండు పులుసు, ఉప్పు, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కొంచెము బెల్లము పడెడివి. సగమునకు ఇగిరిన తరువాత ఆవాలు, జీలకఱ్ఱ, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, కఱివేపాకులతో పోపు. వేడి యన్నములో ఆ చారు పోసి, నడుమ వెన్నముద్ద పెట్టిన, మఱియొక కూర నడిగినవాడు లేడు.

ఈ వంటలో నిప్పు లిద్దఱున్నారని నాకు చాలకాలమునకు గాని తట్టలేదు. ఒకటి అడవి నిచ్చిన కట్టెమంట, రెండవది కొట్టము నిచ్చిన పేడనిప్పు. మొదటిది ఉగ్రము, రెండవది శాంతము. మాది అడవికిని మాగాణికిని నడుమనున్న ఊరగుటచే రెండును పెరటిలోనే దొరకెడివి. అమ్మ రెండింటిని వరుస తప్పక వాడుకొన్నది. ఆ వరుసయే ఈ ప్రసంగమునకు కీలకము.

ఇక పాతకాలమునకు పోవుదము. పేడనిప్పు, ఉలవ – ఈ రెండింటి పొత్తు దక్షిణాపథమున ఎంతకాలముగా నున్నది?

కృష్ణా తుంగభద్రల నడిమి సీమలోను, బళ్ళారి ప్రాంతమునను బూడిద దిబ్బలు పెక్కు గలవు. కొన్ని చిన్న గుట్టలంత యుండును. హంపి చేరువ నింబాపురమువద్ద నున్న దిబ్బను వాలిని దహించిన చోటని అచటివారు చెప్పుదురు. పందొమ్మిదవ శతాబ్దిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఇవి పశువుల పేడ కాలిన బూడిద యని వాదించెను. 1957లో ఆల్చిన్ అను ఆంగ్లేయ పురాతత్త్వవేత్త పూర్వపు మహబూబ్‌నగరు జిల్లాలోని ఉట్నూరున తవ్వి చూచెను. ఇది ఆదిలాబాదు ఉట్నూరు గాదు, కృష్ణకు దక్షిణముననున్న వేఱొక గ్రామము. అచట గుంజలు పాతి కట్టిన పశువుల దొడ్డి జాడలును, గట్టిపడిన నేలమీద పశువుల గిట్టల ముద్రలును బయల్పడినవి. వేలయేండ్ల క్రిందట మనవారు దొడ్లలో పశువులను తోలి, కుప్పలుపడిన పేడను అప్పుడప్పుడు కాల్చుచుండిరని అట్లు స్థిరపడినది.

తరువాతి కాలమున పండితులు మఱియొక పని చేసిరి. ఆ కాలపు నివాసముల మట్టిని నీటిలో కలిపి, తేలివచ్చిన మాడిన గింజలను ఏరి పరీక్షించిరి. బళ్ళారి దగ్గఱి సంగనకల్లు మొదలైన చోట్ల సుమారు 4,000 సంవత్సరముల నాటి గింజలు దొరకినవి. వానిలో ముఖ్యమైనవి నాలుగు: ఉలవ, పెసర, అండుకొఱ్ఱ, కొఱ్ఱకు చుట్టమైన మఱియొక సన్నగింజ. వరి లేదు, కంది లేదు. మిరపకాయ యన్నదో, అది ఈ దేశమునకు వచ్చి సుమారు అయిదు వందల యేండ్లే యైనది. మన పప్పుదినుసులలో కంది తరువాతి చుట్టము. ఉలవ ఇంటి పెద్ద. పశువు, పేడ, నిప్పు, ఉలవ – ఈ నాలుగును ఒకే బ్రతుకులో భాగములై యుండెనని ఆ బూడిదయు, ఆ మాడిన గింజలును సాక్ష్యమిచ్చుచున్నవి.

గ్రంథములలోను ఉలవకు స్థానము గలదు. సంస్కృతమున దీని పేరు కులత్థము. పాణిని మహర్షి తన వ్యాకరణములో ఉలవలతో సంస్కరించిన వంటకమునకు కౌలత్థ మను పదము సిద్ధించుటకై ఒక సూత్రమునే కేటాయించెను. వంట వాడుకలో లేనిదే పదము పుట్టదు. పదము లేనిదే వైయాకరణునికి సూత్రముతో పనిలేదు. పాలిభాషలోని మజ్ఝిమనికాయమున గౌతమబుద్ధుడు తాను ఒనరించిన కఠోర తపస్సును వర్ణించుచు, పెసరకట్టో, ఉలవకట్టో చేరెడేసి మాత్రము పుచ్చుకొంటినని చెప్పినట్లున్నది. మా ఖమ్మము జిల్లాలో నేలకొండపల్లి బౌద్ధస్తూపమును చూచినప్పుడెల్ల నాకీ మాట జ్ఞప్తికి వచ్చును. చరకసంహిత ఉలవకు ఉష్ణగుణము గలదనియు, దగ్గు, ఎక్కిళ్ళు, ఉబ్బసము, మూలవ్యాధులయందు హితమనియు చెప్పుచున్నది. మన నాయనమ్మలు చలికాలమున రొంప పట్టినవానికి ఉలవచారు పోసినది చరకుని చదివి గాదు. కాని ఇరువురి మాటయు ఒకటే.

ఇంతటి పూర్వచరిత్ర గల గింజకు నడుమ చిన్నచూపు వచ్చినది. ఇంగ్లీషువారు దక్షిణదేశమున తమ గుఱ్ఱపు దళములకు దీనిని దాణాగా పెట్టి, హార్సుగ్రాము అనగా గుఱ్ఱపు గింజ యని పేరు పెట్టిరి. మనలోను, వరియన్నము తినువాడు పెద్ద, ఉలవగుగ్గిళ్ళు తినువాడు పేద యను భావ మేర్పడెను. ఎడ్ల గింజలు వార్చిన నీరు గదా చారు! అందుచే చుట్టములు వచ్చిన దినమున మా అమ్మ ఉలవచారును వడ్డించుటకు సంకోచించెడిది. చుట్టములే వంటింటి వాసన పట్టి అడిగి పోయించుకొనెడివారు.

పిమ్మట కాలము మాఱినది. 1967 ఆగస్టులో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీరు క్రమముగా మా ప్రాంతమునకును వచ్చినది. చెలకలు మాగాణులైనవి. వరి వచ్చినచోట ఉలవ నిలువదు. ఇది మేలే; దానిని నిందించుట కృతఘ్నత. ఎడ్లస్థానమున ట్రాక్టర్లు వచ్చినవి. ఎడ్లు లేనిచో పేడ లేదు, పేడ లేనిచో పిడక లేదు, పిడక లేనిచో దాలి లేదు. గొలుసులో ఒక్క కడియము జాఱిన తక్కినవన్నియు జాఱినవి. మా పెరటి దాలిని ఏ సంవత్సరమున పూడ్చిరో నాకు జ్ఞాపకము లేదు. దాని పూడ్పునకు ముహూర్తము పెట్టినవారు లేరు.

వంటింటిలోనికి గ్యాసుపొయ్యి వచ్చినది, దానివెంట ప్రెషరు కుక్కరు వచ్చినది. ఆవిరిని బిగించి ఉడికించు పాత్రను మొదట 1679లో డెనిస్ పాపిన్ అను ఫ్రెంచివాడు లండనులో ప్రదర్శించెను. మన దేశమున 1950ల చివరినుండి వీని కర్మాగారములు వెలసినవి. ఈ పాత్రలో వేడి 120 డిగ్రీల దాపునకు పోవును. రాత్రియెల్ల కాగవలసిన గింజ అరగంటలో నలుగును. ఇందులో ఒక విశేషమున్నది, మనసున నుంచుకొనుడు: నిండుమంట పనియు, నిదానపు నిప్పు పనియు ఈ పాత్ర ఒక్కతడవనే చేయును. కావున ఈల లెక్కపెట్టుచు పెరిగిన తరమువారికి, అవి రెండు వేఱువేఱు పనులను మాటయే మఱపునకు వచ్చినది. నేనును ఆ మఱచినవారిలో నొకడను.

మూడు సంవత్సరముల క్రిందట హైదరాబాదులో మా కుమారుని యింటికి పోయితిని. అచట ఒక విద్యుత్పాత్ర కనబడినది. దళసరి పింగాణి కుండ, దాని చుట్టును సన్నగా కాగు కరెంటు తీగ, మీద గాజుమూత. స్లో కుక్కరని దాని పేరు. ఉదయమున దినుసులు వేసి మీట త్రిప్పి పనికి పోయినచో, సాయంకాలమున వచ్చునప్పటికి ఉడికి వెచ్చగా నుండును. చూచినంతనే నా మనసు ఉప్పొంగినది. ఇది మన దాలియే గదా, పొగలేని దాలి, బూడిదలేని దాలి యని మనుమరాలికి గొప్పగా చెప్పితిని.

దీని పుట్టుకను విచారించితిని. ఐరోపాలోని యూదులకు శుక్రవారపు సూర్యాస్తమయమునుండి శనివారపు రాత్రివఱకు విశ్రాంతిదినము. ఆ వేళ నిప్పు రాజేయరాదు. అందుచే చిక్కుడు గింజలు, యవలు, మాంసము కలిపిన కుండను శుక్రవారముననే కాచి, ఊరి రొట్టెలవాని పొయ్యిలో నుంచెడివారు. ఆ యార్పని పొయ్యి వేడిమిలో రాత్రియెల్ల మగ్గిన కుండను మఱునాటి భోజనమునకు తెచ్చుకొనెడివారు. ఆ వంటకము పేరు చోలెంట్. లిథువేనియాలోని తన పుట్టినూరి యీ యాచారమును ఒక తల్లి అమెరికాలో తన కుమారునికి చెప్పినది. ఆ కుమారుడు ఇర్వింగ్ నాక్సన్. అతడు విద్యుత్తుతో నట్టి కుండను కల్పించి 1940లో పేటెంటు పొందెను. దానికి బీనరీ యను పేరుపెట్టెను, అనగా గింజలు వండునది. 1970లో వేఱొక సంస్థ దానిని కొని, మఱుసటి యేడు క్రాక్‌పాట్ అను పేర అమ్మకమునకు పెట్టగా, ఉద్యోగములకు పోవు స్త్రీలు దానిని ఆదరించిరి. మన దేశమున అంతకుముందే, 1910లో, ఇందుమాధవ మల్లిక్ అను వంగదేశపు వైద్యుడు ఇక్మిక్ కుక్కరును కల్పించెను. క్రింద కొన్ని బొగ్గులు, మీద ఒకదానిపై నొకటి గిన్నెలు. పూరీ జగన్నాథుని వంటశాలలో కుండలమీద కుండలు పేర్చి వండుట చూచి అతని కా యూహ తట్టినదందురు.

ఇట్లు తల్లి చెప్పిన మాటనుండి కొడుకు చేసిన పాత్ర యది. నా తల్లి చేసి చూపిన పనినే నేను మఱచితిని.

ఆనాడు ఇంటిలో ఉలవలు లేవు. ఎఱ్ఱని రాజ్మా గింజలుండెను. రాత్రి నానబెట్టితిని. ఉదయమున నీటితో, ఉల్లిపాయలతో కుండలో పోసి, మీటను తక్కువ వేడికి త్రిప్పితిని. పొంగు రానీయలేదు. పొంగెందులకు? నిదానమే ప్రధానమని గదా మన సామెత! రాత్రికి గింజ చూచుటకు మెత్తగానే యున్నది, లోపల కొంచెము పలుకు. ఇంటిల్లిపాదియు తింటిమి. మూడు గంటలు గడవకముందే ఒకరి తరువాత నొకరికి వాంతులు మొదలైనవి. ఆఱేండ్ల మనుమరాలు కడుపు పట్టుకొని మెలికలు తిరుగుచుండగా ఆసుపత్రికి ఎత్తుకొని పోయితిమి. సెలైను ఎక్కించిరి. తెల్లవాఱునప్పటికి తేఱుకొని నిదురించినది. ఆ రాత్రి ఆసుపత్రి బల్లమీద కూర్చుండి నేను పడిన వేదన చెప్పరానిది. వండినది నేను, వడ్డించినది నేను, పొగలేని దాలి యని పొగడినది నేను.

ఉదయమున కల్లూరునుండి మా అక్క ఫోను చేసినది. ఆమెకు ఎనుబది యేండ్లు. సంగతి యంతయు విని, కొంతసేపు మాటాడక, ఒక్క ప్రశ్న వేసినది:

“ఒక్క పొంగన్నా రానిచ్చావా తమ్ముడూ?”

నేను లేదంటిని.

“మరి అమ్మ ఏం చెప్పేది?”

ఆ ప్రశ్నకు నా యొద్ద సమాధానము లేకపోయెను. తరువాత శాస్త్రజ్ఞుల వ్రాతలు చదివితిని. పచ్చి చిక్కుడుజాతి గింజలలో లెక్టినులను పదార్థములు గలవు. మొక్క తన విత్తనమును పురుగులనుండి, జంతువులనుండి కాపాడుకొనుటకు ఉంచుకొన్న కత్తులని వీనిని భావింపవచ్చును. ఇవి రక్తకణములను ముద్దలు కట్టించును, ప్రేగుల గోడలను బాధించును. ఎఱ్ఱ రాజ్మాలో ఇవి మిక్కిలి హెచ్చు. పచ్చివి నాలుగైదు గింజలైనను చాలును మనుష్యుని పడద్రోయుటకు. నూఱు డిగ్రీల మరుగులో కొంతసేపు ఉడికినచో ఇవి నశించును. బ్రిటనులో పది నిమిషములు చాలునందురు. అమెరికా ఆహారశాఖవారు ముప్పది నిమిషములు మరిగింపు మందురు. కాని ఎనుబది డిగ్రీల దాపున మాత్రమే కాగినచో విషము చావకపోగా, పచ్చి గింజకన్న అయిదు రెట్లు హెచ్చు కావచ్చునని ఆ శాఖవారే హెచ్చరించిరి. నిదానపు పాత్ర తక్కువ వేడిలో నిలుచు తావు సరిగా అదియే.

మన యులవయు ఇందుకు మినహాయింపు గాదు. 1951లో మన దేశముననే పనిచేయుచుండిన బర్డ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు ఉలవగింజల రసము కొన్ని జాతుల రక్తమునే ముద్దకట్టించుచున్నదని కనిపెట్టెను. అప్పటినుండి ‘ఏ’ జాతి రక్తములోని ఉపభేదములను గుర్తించుటకు ప్రపంచమంతట రక్తనిధులలో ఉలవ లెక్టినును వాడుచున్నారు. మన ఎడ్ల దాణా అట్లు వైద్యుల ప్రయోగశాల కెక్కినది! రాజ్మాకున్నంత తీక్ష్ణత దీనికి లేదు. అయినను కత్తి కత్తియే. మంటలోనే దానికి మొక్కపోవుట.

ఇప్పుడు మా అమ్మ వరుసను మరల చూడుడు. నానబెట్టుట, నీరు మార్చుట, మూడు పొంగులు, నుఱుగు తీయుట, ఆ పిమ్మట దాలి. ఉప్పునీరు వలదనుటకు కారణమున్నది: ఆ నీటిలోని సున్నపు పాలు గింజతొక్కను బిగించును. పులుపు చివర వేయుటకును కారణమదియే: ముందు వేసిన చింతపండు గింజను మెత్తబడనీయదు. ఆమెకు లెక్టిను తెలియదు, డిగ్రీలు తెలియవు. ఎన్ని తరముల యమ్మలు ఎన్ని కడుపునొప్పులు చూచి ఆ వరుసను కట్టిరో! ఆ అనుభవమంతయు మూడు పొంగులను చిన్న మాటలో మడిచి పెట్టిరి. యూదుల కుండయు ముందే కాగి రొట్టెపొయ్యికి పోయెడిదని ఇందాక చెప్పితిని గదా. దూరదేశపు తల్లులకును ఈ వరుసయే తెలిసినది. పాత్ర నిదానమును మాత్రము అనుకరించినది. అంతకుముందు వేయవలసిన మంట మనుష్యుని బుద్ధికి విడిచిపెట్టినది.

కావున మీ యిండ్లలో పిల్లలెవరైన ఇట్టి పాత్రను తెచ్చినచో దానిని వెక్కిరింపకుడు. అది మంచి పాత్రయే. ఈ విధముగా చేయించుడు. పావుకిలో ఉలవలను రాళ్ళేరి, కడిగి, రాత్రియంతయు నానబెట్టుడు. ఆ నీరు పాఱబోయుడు. లీటరున్నర మంచినీటితో గ్యాసుపొయ్యిమీద పెట్టి, నిండుమంటను అరగంట తెఱలనిచ్చి, నుఱుగు తీయుడు. అప్పుడు వేడివేడిగనే విద్యుత్పాత్రలో పోసి మూతపెట్టుడు. ఎనిమిది పది గంటలు కదలింప బనిలేదు. దాలిలో ఆవిరి పోయి కట్టు చిక్కబడును. ఈ పాత్రలో మూత బిగువు గనుక ఆవిరి అంతగా పోదు. అందుచేతనే నీరు తక్కువ పోయుమంటిని. వార్చిన కట్టులో నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, ఉల్లి, మిరప వేసి, మూత లేకుండ పొయ్యిమీద సగమునకు మరిగించుడు. కట్టు పలుచనైనచో గుప్పెడు గింజలు నూఱి కలుపుడు. పోపు పెట్టుట మీకు చెప్పనేల? రాజ్మా, బొబ్బర, చిక్కుడు గింజలకైనను నిండుమంటతోనే మొదలుపెట్టవలయును. రాజ్మాకు మాత్రము ఆ మరుగు ఎన్నడును తప్పరాదు.

నేడు ఉలవచారుకు చిన్నచూపు పోయినది. విజయవాడలోను, హైదరాబాదులోను పెండ్లి విందులలో మీగడ తేలించి వడ్డించుచున్నారు. సీసాలలో నింపి అమ్ముచున్నారు. సంతోషమే. కాని సీసాతో చారు వచ్చును గాని మూడు పొంగుల మాట రాదు. అది పెద్దల నోటినుండియే రావలెను. అడుగలేదు గదా యని మనము చెప్పక ఊరకున్నచో, పిల్లలు అడుగునప్పటికి మన ముందుమో, ఉండమో.

గత సంక్రాంతికి ఆ విద్యుత్పాత్రను కల్లూరునకు తీసికొనిపోయితిని. అక్క దానిని నలుప్రక్కల త్రిప్పి చూచి, పింగాణి కుండను వ్రేలితో కొట్టి, ధ్వని విని, సరేయన్నది. ఉలవలను తానే పొయ్యిమీద పెట్టి, మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పొంగులు లెక్కింపించినది. మూడవ పొంగునకు పిల్ల చప్పట్లు కొట్టినది. అప్పుడు కుండ నింపి మీట త్రిప్పితిమి. రాత్రి ఎవరును మేల్కొనలేదు. తెల్లవాఱుజామున ఇల్లంతయు ఆ వాసనయే.

అక్క కట్టు వార్చి, గింజల గిన్నెను చేతబట్టుకొని, అలవాటు చొప్పున పెరటి తలుపు తీసినది. తీసి, గడపలో నిలిచినది. కొట్టమున్నచోట కారుషెడ్డు, గోలెము బోర్లించి యున్నది. కొంతసేపు అటు చూచి, వెనుకకు తిరిగి, “ఇప్పుడివి ఎవరికి పెట్టేది తమ్ముడూ?” అన్నది.

ఆ గింజలలో ఉప్పు, ఉల్లిముక్కలు వేసికొని, మేమందఱము గడపమీద వరుసగా కూర్చుండి గుగ్గిళ్ళు తింటిమి. మనుమరాలు మఱి రెండు పిడికిళ్ళు అడిగి పెట్టించుకొన్నది.